బ్రేక్ ఆయిల్: ఏ వాతావరణానికి ఏది పోయాలి, ఎప్పుడు మార్చాలి, ఇంట్లో మనమే ఎలా మార్చుకోవాలి

మూడేళ్ల క్రితం డిసెంబర్లో అరకు నుంచి వైజాగ్ తిరిగొస్తున్నాం, కార్లో మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు, డిక్కీ నిండా సామాన్లు. అనంతగిరి దాటి కాశీపట్నం వైపు దిగుతున్నాం, పొద్దున్న తొమ్మిది అయినా చలికి అద్దాలు మసకబారుతున్నాయి. ఓ మలుపు ముందు బ్రేక్ తొక్కితే పెడల్ తడిసిన దూది మీద కాలేసినట్టు మెత్తగా కిందకి దిగిపోయింది, కారు మాత్రం తగ్గలేదు. గబగబా మూడు నాలుగు సార్లు కొడితే కాస్త పట్టింది, సెకండ్ గేర్లోకి లాగి, హ్యాండ్ బ్రేక్ కొంచెం కొంచెంగా ఎత్తుకుంటూ కొండ వైపు అంచున ఆపేశా. "ఏమైంది బాబూ" అని అత్తగారు అడిగితే "ఏం లేదు అత్తయ్యా, కాస్త వేడెక్కింది" అన్నా గానీ చేతులు వణుకుతున్నాయి. ముప్పావుగంట ఆగాక పెడల్ మళ్లీ గట్టిగా, అసలేమీ జరగనట్టే ఉంది.

వైజాగ్ వచ్చాక తెలిసిన మేస్త్రి దగ్గరికి తీసుకెళ్తే ముందు చక్రం బ్లీడర్ నిప్పల్ (పాత ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ) విప్పాడు, డికాషన్ లాంటి ఆయిల్ కారింది. "ఎప్పుడు మార్పించారు బాబూ ఇది" అన్నాడు. ఇంటికొచ్చి పాత బిల్లులన్నీ తీసి చూశా, నేను అప్పటిదాకా సర్వీసుకి ఇస్తున్న గ్యారేజీ వాళ్లు ఐదేళ్లలో ప్రతిసారీ టాపప్ అని రాశారు తప్ప ఒక్కసారి కూడా పూర్తిగా మార్చలేదు. నేనూ అడగలేదు.

అప్పట్నుంచి దీని గురించి బాగా చదివా, నా కారుకి, చుట్టాల కార్లకి, బండ్లకి నేనే మారుస్తున్నా. అందులో నాకు అర్థమైన అసలు విషయం ఏంటంటే, ఆ రోజు బయట చలిగా ఉంది, అయినా ఆయిల్ మరిగిపోయింది, ఎందుకంటే దాన్ని పాడుచేసింది ఆ రోజు వాతావరణం కాదు, ఐదేళ్లపాటు అది పీల్చుకున్న వైజాగ్ తేమ.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం

మనం అలవాటుగా బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది ఇంజిన్ ఆయిల్ లాంటి నూనె కాదు. కార్లలో, బైకుల్లో ఎక్కువగా వాడేది గ్లైకాల్ ఈథర్ల మీద తయారైన ద్రవం. దానికి నీళ్లంటే ఇష్టం, మూత సందు నుంచి, రబ్బరు హోస్ పైపుల గోడల్లోంచి కూడా గాల్లో తేమని లాక్కుంటుంది, ఏడాదికి ఒకటి రెండు శాతం అని మామూలుగా లెక్కేస్తారు. డబ్బా మీద డ్రై బాయిలింగ్ పాయింట్, వెట్ బాయిలింగ్ పాయింట్ అని రెండు అంకెలుంటాయి కదా, డ్రై అంటే సీలు తీసిన రోజు, వెట్ అంటే అందులో 3.7 శాతం నీళ్లు చేరాక. కొనేటప్పుడు అందరూ మొదటి అంకె చూస్తారు, మీ కారు ఏళ్లకేళ్లు బతికేది మాత్రం రెండో అంకెకి దగ్గర్లోనే.

బ్రేక్ ఆయిల్ రకాల్ని డాట్ అనే నంబర్లతో చెప్తారు. డాట్ 3 కి డ్రై కనీసం 205 డిగ్రీలు, వెట్ 140. డాట్ 4 కి 230, 155. డాట్ 5.1 కి 260, 180. అంటే రెండు మూడేళ్లు నిలవైన డాట్ 3 అరవై డిగ్రీలకి పైనే కోల్పోతుందన్నమాట.

ఇప్పుడు ఘాట్ సంగతి. తిరుపతికీ తిరుమలకీ మధ్య ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. మనుషులతో కలిపి 1400 కిలోల కారు ఆ ఎత్తు దిగేటప్పుడు వదిలే శక్తి మొత్తం బ్రేకుల్లోకే పోతే, ఆ వేడితో ముప్పై లీటర్ల పైన నీళ్లని మామూలు చల్లదనం నుంచి మరిగేదాకా కాచొచ్చు (ఓపికుంటే బరువు, ఎత్తు, 9.8 గుణించి చూసుకోండి, తొంభై ఆరు లక్షల జౌల్స్ వస్తుంది). ఇంజిన్ బ్రేకింగ్, గాలి కొంత తీసుకుంటాయి గానీ న్యూట్రల్లో దిగేవాళ్లకి ఇంజిన్ సాయం అస్సలుండదు. చక్రంతో పాటు తిరిగే బ్రేక్ డిస్కు మూడు నాలుగు వందల డిగ్రీలకి సులభంగా వెళ్తుంది, ఆ వేడి డిస్కుని పట్టే ప్యాడ్ల మీదుగా, వాటిని నెట్టే పిస్టన్లోకి, పిస్టన్ వెనకున్న ఆయిల్లోకి పాకుతుంది. అక్కడ నీళ్లు పట్టిన ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. మనం తొక్కిన బలమంతా బుడగల్ని నొక్కడానికే పోయి చక్రం దాకా చేరదు. దీన్నే వేపర్ లాక్ అంటారు. చల్లారితే బుడగలు మళ్లీ నీళ్లైపోతాయి, అందుకే ముప్పావుగంటకి నా పెడల్ ఏమీ ఎరగనట్టు గట్టిపడింది.

ఇంకో సంగతి, చాలాసార్లు ఇది తొక్కుతున్నప్పుడు కాకుండా తొక్కి వదిలాక, ఓ నిమిషం ఆగాక జరుగుతుంది, ఎందుకంటే పైపులో ఒత్తిడి ఉన్నంతసేపు మరిగే డిగ్రీ పెరుగుతుంది, వదిలితే పడిపోతుంది, డిస్కు వేడేమో లోపలికి పాకుతూనే ఉంటుంది. ఘాట్ మధ్యలో టీకి ఆగి మళ్లీ బయల్దేరేవాళ్లు మొదటి మలుపుకి ముందే ఓసారి పెడల్ తొక్కి చూసుకోవాలి అనేది ఇందుకే.

స్టెప్ 1: మూత మీద ఏముందో చదవండి

బానెట్ ఎత్తితే డ్రైవర్ వైపు వెనక చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, దాని మూత మీదే డాట్ 3 వాడాలో డాట్ 4 వాడాలో రాసుంటుంది. అదే మొదటి మాట. డాట్ 3 రాసిన కార్లో చాలావరకు డాట్ 4 పోసుకోవచ్చు, మాన్యువల్ ఒప్పుకుంటుందో లేదో చూసుకుని. డాట్ 4 రాసిన చోట డాట్ 3 పోయడం మాత్రం వెనక్కి వెళ్లడమే, షాపులో అదే ఉంది అన్నా తీసుకోవద్దు.

డాట్ 5 అనేది పూర్తిగా వేరే జాతి, సిలికాన్ ద్రవం, ఊదా రంగులో ఉంటుంది. డాట్ 5.1 పేరు దాని పక్కనే ఉన్నట్టు కనిపించినా అది మన గ్లైకాల్ జాతే, ఈ రెంటినీ కలపకూడదు. డాట్ 5 నీళ్లు పీల్చదు కదా మంచిదే కదా అని నన్ను చాలామంది అడిగారు. పీల్చదు నిజమే, కానీ ఎలాగోలా లోపలికొచ్చిన నీళ్లు కలవకుండా పల్లంలో, అంటే చక్రం దగ్గర ప్యాడ్లు, పిస్టన్ ఉండే కాలిపర్‌లో బొట్టుగా నిలబడిపోతాయి, ఆ బొట్టు 100 డిగ్రీలకే మరుగుతుంది, చలి దేశమైతే సున్నాకే గడ్డకడుతుంది. ఏబీఎస్ ఉన్న బండ్లకి అసలు పనికిరాదు, నురగ పట్టేస్తుంది. మనకి అది వద్దు.

ఇంజిన్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్ పొరపాటున కూడా ఇందులో పొయ్యొద్దు. లోపల రబ్బరు సీళ్లు ఉబ్బిపోయి మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టేది) దగ్గర్నుంచి అన్నీ మార్చాల్సొస్తుంది.

స్టెప్ 2: మీరుండే చోటుని బట్టి గడువు పెట్టుకోండి

కంపెనీలు ఎక్కువగా రెండేళ్లు అంటాయి. అది నడిపినా నడపకపోయినా సరే రెండేళ్లే, కిలోమీటర్లతో పనిలేదు, షెడ్లో నిలబెట్టిన కారు కూడా తేమ పీలుస్తూనే ఉంటుంది. దీని మీద నా లెక్క ఇది.

వైజాగ్, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఏడాదిన్నర దాటనివ్వను. తేమతో పాటు ఉప్పుగాలికి బ్లీడర్ నిప్పల్ తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, ఎక్కువ రోజులు వదిలేస్తే విప్పేటప్పుడు విరుగుతుంది, అప్పుడు అరగంట పని కాస్తా రోజు పని అవుద్ది. నిప్పల్ మీద రబ్బరు టోపీ ఉందో లేదో చూసుకోండి, చాలా కార్లకి ఊడిపోయి ఉంటుంది.

అనంతపురం, కర్నూలు, హైదరాబాద్ వైపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి రెండేళ్లు సరిపోతుంది. రామగుండంలో, రెంటచింతలలో ఎండ 45 దాటితే ఆయిల్ మరిగిపోతుందేమో అని భయపడేవాళ్లున్నారు, 45 డిగ్రీలు దానికి లెక్కే కాదు. ఎండ చేసేది ఏంటంటే బ్రేకుల్ని తొందరగా చల్లారనివ్వదు, ప్రతి తొక్కుడూ ఇంకొంచెం పైనుంచి మొదలవుద్ది, సిటీ ట్రాఫిక్లో ఆగి ఆగి పోయేవాళ్లకి అది కనిపిస్తుంది.

తిరుమల, శ్రీశైలం, మారేడుమిల్లి, అరకు తరచుగా వెళ్లేవాళ్లు, ముఖ్యంగా ట్యాక్సీ తిప్పే తమ్ముళ్లు, ఏడాదికోసారి మార్చండి. తిరుమలలో దిగే దారి 1944 నాటి పాత ఘాట్, మలుపులు ఇరుకు, కాలు బ్రేక్ మీదే ఉండిపోతుంది. ఇక్కడ డాట్ 4 కన్నా తక్కువ నేను వాడను.

లద్దాఖ్ బైక్ మీద పోయేవాళ్లకి రెండు సంగతులు. ఎత్తుకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి ఏ ద్రవమైనా తక్కువ వేడికే మరుగుతుంది. 3500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో మంచినీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, ఖర్దుంగ్‌లా మీద ఇంకా కిందకి, 82 దాకా. పాత బ్రేక్ ఆయిల్‌కీ అలాంటి తగ్గుదలే, పైగా అక్కణ్ణుంచి గంటలకొద్దీ దిగుడు. కాబట్టి బయల్దేరే ముందు కొత్త ఆయిల్, అది ఆర్నెల్ల క్రితం మార్చినా సరే, మీ బండికి డాట్ 5.1 ఒప్పుకుంటే అదే.

చలి దేశాల సంగతి వేరు. షికాగో, మినియాపోలిస్‌లో ఉన్న మనవాళ్లకి సమస్య మరగడం కన్నా చిక్కబడడం. మైనస్ 40 దగ్గర డాట్ 4 చిక్కదనం 1800 సెంటిస్టోక్స్ (చిక్కదనం కొలిచే యూనిట్) దాకా ఉండొచ్చని స్టాండర్డ్ ఒప్పుకుంటుంది, డాట్ 5.1 కి 900 దాటకూడదు, తక్కువ చిక్కదనం డాట్ 4 అని విడిగా వచ్చే క్లాస్ 6 రకానికి 750 మాత్రమే. ఏబీఎస్ (చక్రాలు లాక్ కాకుండా చూసేది), ఈఎస్‌సీ (కారు జారకుండా చూసేది) లోపల వాల్వులకి ఉండే సందులు చాలా సన్నం, చిక్కటి ఆయిల్ అందులోంచి చప్పున కదల్లేదు, మంచు రోడ్డు మీద ఆ ఆలస్యమే చాలు. కొత్త యూరప్ కార్ల మాన్యువల్లో క్లాస్ 6 అని రాసి ఉంటే అది తప్పనిసరి. పాత ఆయిల్లో నీళ్లు చేరితే చలికి ఇంకా చిక్కబడుతుంది కూడా. దుబాయ్, కువైట్‌లో ఉన్నవాళ్లు మాత్రం వైజాగ్ లెక్కనే పాటించండి, సముద్రపు తేమ అక్కడా ఉంది.

స్టెప్ 3: మార్చాలా వద్దా ఎలా తెలుస్తుంది

రంగు చూసి కొంతవరకే. కొత్తది లేత తేనె రంగు, నల్లబడితే పాతదే అని ఖాయం, కానీ తెల్లగా ఉందని మంచిదనుకోడానికి లేదు, నీళ్లకి రంగు లేదు కదా. ఆన్‌లైన్లో పెన్ను లాంటి టెస్టర్లు దొరుకుతాయి, ముంచితే లైట్లు వెలుగుతాయి, అవి కరెంటు ఎంత పారుతుందో చూసి తేమ అంచనా వేస్తాయి. ఎరుపొస్తే మార్చేయండి, ఆకుపచ్చొచ్చినా గడువు దాటితే మార్చేయండి, ఎందుకంటే ఆ పెన్ను ముంచేది పైన డబ్బాలో, మరిగేది కింద కాలిపర్లో. నమ్మకమైన పరీక్ష అంటే ఆయిల్ని నిజంగా మరిగించి చూపించే మెషిన్, పెద్ద సర్వీస్ సెంటర్లలో ఉంటే అడిగి చేయించుకోండి.

డబ్బాలో లెవెల్ తగ్గితే వెంటనే పోసేయకండి. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ బయటికొచ్చి ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది, అది మామూలే. ముందు ప్యాడ్లు చూడండి. ప్యాడ్లు బాగుండి కూడా లెవెల్ పడిపోతుంటే ఎక్కడో లీకు, చక్రాల లోపలి వైపు తడి వెతకండి. నాకు జరిగింది కూడా ఇదే, ప్యాడ్లు అరిగినప్పుడల్లా పైన కొత్తది పోశారు, కింద పాతది అలాగే ఉంది.

స్టెప్ 4: మార్చడం

కావాల్సినవి: సీలు తీయని డబ్బాలు లీటరు దాకా, నిప్పల్‌కి సరిపోయే రింగ్ స్పానర్ (ఎక్కువగా 8 లేదా 10), నిప్పల్‌కి బిగుతుగా పట్టే పారదర్శక పైపు రెండడుగులు, ఖాళీ వాటర్ బాటిల్, పాత ఆయిల్ లాగడానికి పెద్ద సిరంజి, జాకీ, కారు కింద పెట్టే స్టాండ్లు, గుడ్డలు, ఓ బకెట్ నీళ్లు, పెడల్ తొక్కడానికి ఇంకో మనిషి. నాకు మా బావమరిది తోడొస్తాడు.

వాన రోజు పెట్టుకోవద్దు. నిప్పళ్లకి ముందు రోజు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి, ప్యాడ్ల మీద పడకుండా.

మూత చుట్టూ దుమ్ము తుడిచి విప్పండి. సిరంజితో డబ్బాలో పాత ఆయిల్ లాగేయండి, మొత్తం కాదు, అడుగున రంధ్రాలు బయటపడకూడదు, గాలి పోతే పని రెట్టింపవుద్ది. కొత్తది మ్యాక్స్ గీత దాకా పోసి మూత ఊరికే పైన పెట్టండి. ఒక్క చుక్క పెయింట్ మీద పడ్డా వెంటనే నీళ్లు పోసి కడగండి, తుడిస్తే సరిపోదు, రంగు లేచిపోతుంది, మా బావమరిది కారు ఫెండర్ మీద అర్ధరూపాయంత మచ్చ ఇప్పటికీ ఉంది.

మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు, మన దగ్గర స్టీరింగ్ కుడి వైపు కాబట్టి ఎడమ వెనక, తర్వాత కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు. కొన్ని కార్లకి వరస వేరే ఉంటుంది, మాన్యువల్లో ఉన్నదే ఫైనల్.

నిప్పల్ మీద స్పానర్ వేసి, పైపు తగిలించి, పైపు కొస బాటిల్లో కాస్త కొత్త ఆయిల్లో మునిగేలా పెట్టండి. ఇక ఇద్దరి మధ్య మాట గట్టిగా వినపడాలి. "తొక్కు" అంటే లోపలి మనిషి మెల్లగా తొక్కి "తొక్కా" అనాలి. కింద మనిషి నిప్పల్ పావు తిప్పు వదులు చేస్తాడు, ఆయిల్ పైపులోకి వస్తుంది, పెడల్ దిగుతుంది. "పట్టుకో" అని నిప్పల్ బిగించాలి. బిగించాకే "వదులు". ముందే పెడల్ వదిలితే బయటి గాలి లోపలికి లాక్కుంటుంది, అక్కడే కొత్తవాళ్లు తప్పు చేస్తారు.

పాత కారైతే పెడల్ కింద ఓ చెక్క ముక్క పెట్టండి, అడుగు దాకా దిగకుండా. ఏళ్లుగా పిస్టన్ వెళ్లని చోట సిలిండర్ లోపల తుప్పు ఉంటుంది, సీలు దాని మీద రాసుకుంటే చిరుగుతుంది.

ఒక్కో చక్రానికి పది పదిహేను సార్లు పట్టొచ్చు. పైపులో ముదురు రంగు పోయి తేనె రంగు వచ్చి బుడగలు ఆగేదాకా చేయండి, ఆ రంగు మారే క్షణం చూస్తే మనసుకి ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. ప్రతి ఐదారు తొక్కులకి లేచి డబ్బాలో లెవెల్ చూడండి. డబ్బా ఖాళీ అయ్యి ఏబీఎస్ మాడ్యూల్లోకి గాలి పోతే ఇంట్లో తీయడం కష్టం, స్కానర్ పెట్టి పంపు తిప్పాలి, అప్పుడు సర్వీస్ సెంటర్‌కే.

నిప్పల్ బిగించేటప్పుడు బలం చూపించొద్దు, చిన్న బోలు స్క్రూ అది. అన్నీ అయ్యాక ఇంజిన్ ఆన్ చేసి పెడల్ గట్టిగా అర నిమిషం తొక్కి పట్టండి, మెల్లగా దిగకూడదు. నిప్పళ్ల దగ్గర తడి లేదని చూసి, ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడిపి నాలుగైదు సార్లు ఆపి చూడండి. ఓ ప్లాస్టర్ ముక్క మీద నెల, సంవత్సరం రాసి డబ్బాకి అంటించండి. మిగిలిన ఆయిల్ వచ్చే ఏడాదికని దాచొద్దు, సీలు తీసిన డబ్బా కూడా తేమ తాగుతుంది. పాతది కాలవలో పొయ్యకుండా పాత ఇంజిన్ ఆయిల్ తీసుకునే గ్యారేజీలో అడిగి, దాంట్లో కలపకుండా వేరే డబ్బాలో ఇవ్వండి.

బైకులకి ఇదే పని ఇంకా తేలిక, ఒక్కరే చేసుకోవచ్చు. కానీ బైకులో ఆయిల్ చాలా తక్కువ, అందుకే తొందరగా వేడెక్కుతుంది, ఘాట్‌లో వెనక బ్రేక్ మీద కాలు ఆనించి దిగేవాళ్లకి ముందుగా పోయేది ఆ వెనక కాలిపరే.

ఘాట్‌లో పెడల్ తేడాగా అనిపిస్తే

రెండు రకాలుంటాయి, తేడా కాలికే తెలుస్తుంది. పెడల్ రాయిలా గట్టిగా ఉండి కారు ఆగకపోతే, మాడిన వాసన వస్తుంటే, అది ప్యాడ్లు కాలడం. పెడల్ మెత్తగా దిగిపోతే ఆయిల్ మరగడం. రెంటికీ ముందు చేయాల్సింది ఒకటే, గేరు తగ్గించడం. ఎక్కడానికి ఏ గేరు పట్టిందో దిగడానికీ అదే గేరు అని పాత డ్రైవర్లు చెప్పేది ఇప్పటికీ కరెక్టే. మెత్తగా దిగితే గబగబా కొట్టండి, బుడగలు నలిగి కొంత ఒత్తిడి దొరుకుతుంది. హ్యాండ్ బ్రేక్ ఎక్కువ కార్లలో విడిగా కేబుల్ మీద పనిచేస్తుంది కాబట్టి మరిగిన ఆయిల్‌తో దానికి సంబంధం లేదు, బటన్ నొక్కి పట్టుకుని కొంచెం కొంచెంగా ఎత్తండి, ఒక్కసారి లాగితే వెనక చక్రాలు లాక్ అయి బండి తిరిగిపోతుంది. ఇంజిన్ మాత్రం ఆపొద్దు, ఆపితే పెడల్‌కి బలం కలిపే బూస్టర్ కూడా పోతుంది.

ఆగాక చక్రాల మీద నీళ్లు పొయ్యొద్దు, వేడి డిస్కు వంకర పోవచ్చు, పగలొచ్చు కూడా. గేర్లో పెట్టి, చక్రాల కింద రాళ్లు పెట్టి అరగంట పైనే ఆగండి. పెడల్ మళ్లీ గట్టిపడ్డాక మొదటి గేర్లో కింద ఊరి దాకా దిగండి, అప్పటికీ మెత్తగానే ఉంటే దిగొద్దు, టోయింగ్ బండి పిలిపించుకోండి. దిగినవాళ్లు ఆ ఊళ్లోనే మెకానిక్‌ని వెతికి ఆయిల్ మొత్తం మార్పించుకునే మిగతా దారి పట్టండి.